ఎండకు ఓర్వని బాలిక – జీవకణములలో జరుగు మరమ్మతు

ఈ విద్యాసంవత్సరారంభమున మన పాఠశాలలో ఐదవ తరగతియందు ఒక బాలిక చేరినది. ముఖముమీదను చేతులమీదను నల్లని మచ్చలు, గోధుమవన్నె మచ్చలు చల్లినట్లుండెను. పెదవులు ఎండి పగిలియుండెను. వెలుతురునకు కన్నులు నిండుగా తెరువలేకపోయెడిది. ఆమె చేరిన వారము దినములకే మూడు కుటుంబములవారు మా గదికి వచ్చిరి. "సారూ, ఆ పిల్ల పక్కన మా పిల్లను కూసోబెట్టకుండ్రి. అంటుకునే రోగమంటున్నరు" అని ఒక తల్లి మెల్లగా చెప్పినది. కుష్ఠమేమోయని ఒకరు సందేహించిరి. పూర్వజన్మ పాపమని మరియొకరు తేల్చివేసిరి.

వారిని నిందించుటకు మాకు అధికారము లేదు. వారికంటె పెద్ద తప్పు మేమే చేసితిమి. చేర్చునాడే ఆ బాలిక తల్లి వైద్యుల చీటీ యొకటి మా చేతికిచ్చినది. దానిని చదువక బల్లసొరుగులో పడవేసితిమి. నాలుగు దినముల తరువాత ఉదయ ప్రార్థనకు పిల్లలందరు మైదానమున వరుసలు తీరియుండగా ఈ పిల్ల మాత్రము వరండా నీడలో నక్కియుండుట చూచి, బద్ధకమని తలచి, గట్టిగా పిలిచి ఎండలో నిలువబెట్టితిమి. ఇరువది నిమిషములకు మించలేదు. మరునాటికి ముఖము వాచి బొబ్బలెక్కినది. ఎనిమిది దినములు బడికి రాలేదు. అప్పుడు సొరుగు తెరచి చీటీ చదివితిమి. అందులోని రోగము పేరు జిరోడెర్మా పిగ్మెంటోజమ్. ఎండ తగులరాదని రెండుసార్లు గీతగీసి వ్రాసియుండెను.

మేము ఇంటర్మీడియెట్ వరకు చదివిన బడిపంతులమే గాని శాస్త్రజ్ఞులము గాము. అయినను ఆ పేరును పట్టుకొని దొరికిన పుస్తకములు చదివితిమి. షోలాపురములోని చర్మవైద్యులొకరు ఓపికతో రెండు సాయంకాలములు మాకు బోధించిరి. తెలిసికొన్నదానిని తలిదండ్రులకు తెలుపుట మా బాధ్యతయని ఈ వ్యాసము వ్రాయుచున్నాము.

మన దేహము కోటానుకోట్ల కణముల కూర్పు. ఎర్ర రక్తకణముల వంటివి కొన్ని తప్ప, ప్రతి కణమునడుమను కేంద్రకమను చిన్న గది యుండును. ఆ గదిలో 46 క్రోమోసోములు, వానిలో డి.ఎన్.ఏ. అను సన్నని పోగు చుట్టచుట్టుకొని యుండును. ఒక్క కణములోని పోగునంతను చాచి కొసకు కొస చేర్చినచో రెండు మీటర్ల పొడవు వచ్చును. దానిపై వ్రాత నాలుగే అక్షరములతో జరిగినది: ఎ, టి, జి, సి. తల్లినుండి వచ్చిన కట్టలో సుమారు 300 కోట్ల అక్షరములు, తండ్రినుండి వచ్చిన కట్టలో మరి 300 కోట్లు.

చద్దరు నేయు ఇండ్లవారికి దీనిని వేరుగా వర్ణింపనక్కరలేదు. మగ్గముపైన జకార్డు పెట్టె యుండును. చిల్లులు పొడిచిన అట్టలు దండవలె కుట్టబడి దానిమీదుగా తిరుగుచుండును. ఏ పోగు లేవవలెనో ఏది లేవరాదో ఆ చిల్లులు చెప్పును. ఒక్క చిల్లు తప్పిపోయినచో చద్దరుమీది నెమలి మెడ వంకరపోవును. డి.ఎన్.ఏ. అట్టి అట్టల దండ. మన దేహము దానిని చూచి నేసిన బట్ట. భేదమొకటి కలదు. డి.ఎన్.ఏ. ఒంటిపోగు కాదు, జంటపోగు. ఒక పోగుపై ఎ ఉన్నచోట ఎదుటి పోగుపై టి యుండును. జి ఉన్నచోట సి యుండును. కావున ఒకటి చెడినను ఎదుటిదానిని చూచి దానిని తిరిగి వ్రాయవచ్చును. మరమ్మతు కథలో సగము ఈ ఏర్పాటులోనే ఇమిడియున్నది.

ఈ పోగు పెట్టెలోపెట్టి తాళమువేసిన బంగారమువలె భద్రముగా ఉండునని చాలకాలము శాస్త్రజ్ఞులే నమ్మిరి. అది నిజము కాదని 1972లో స్వీడన్ దేశమున తోమాస్ లిండాల్ లెక్కగట్టి చూపెను. ఎండయు పొగయు తగులకపోయినను, కేవలము ఒంటి వేడిమిచేతను కణములోని నీటిచేతను, ఒక్కొక్క కణమున దినమునకు ఇంచుమించు 10,000 ఎ, జి అక్షరములు పోగునుండి ఊడిపోవుచుండును. కొన్ని సి అక్షరములు డి.ఎన్.ఏ.లో ఉండదగని వేరొక అక్షరముగా మారిపోవును. ఇదంతయు మనము నిద్రించునప్పుడును జరుగుచుండును. ఇంత నష్టము జరుగుచున్నను మనము బ్రదికియున్నామనగా, సరిచేయువారు లోపల ఎవరో ఉండితీరవలెనని లిండాల్ తర్కించి, వెదకి, అట్టి ఎంజైములను పట్టుకొనెను.

నకలు వ్రాయుటలోను తప్పులు దొరలును. కణము రెండుగా చీలుటకు ముందు 600 కోట్ల అక్షరములకును నకలు తీయవలెను. నకలు తీయు ఎంజైము తన పొరపాటును తానే వెనుకకు చూచి దిద్దుకొనుచు సుమారు కోటి అక్షరములకు ఒక తప్పు చేయును. వెనుక నుండి వచ్చు వేరొక బృందము సరిచూచి దానిని నూరుకోట్లకు ఒకటిగా తగ్గించును. ముప్పదేండ్లుగా వార్షిక పరీక్షల జవాబుపత్రములు దిద్దుచున్న మాకు ఈ లెక్క చదివినప్పుడు కొంత సిగ్గు కలిగినది.

ఇక ఎండ సంగతి. సూర్యకాంతిలో కంటికి కానరాని అతినీలలోహిత కిరణములు కలవు. అవి చర్మకణమున పడినప్పుడు పోగుపై పక్కపక్కనున్న రెండు టి అక్షరములు ఒకదానికొకటి అంటుకొనిపోవును. అక్కడ పోగు వంగి ఉబ్బును. నకలు తీయు ఎంజైము ఆచోట తడబడును. మధ్యాహ్నపు ఎండలో కొంతసేపు నిలిచిన ఎవరి చర్మములోనైనను ఇట్టి ఉబ్బులు లెక్కకు మించి పుట్టును. మనకు బొబ్బలెక్కకపోవుటకు కారణము ఆ గాయము కలుగకపోవుట కాదు, అది మానుచుండుట.

ఆ మాన్పు పని యెట్టిదో చూడుడు. కొన్ని ప్రోటీనులు పోగువెంబడి తడుముకొనుచు పోయి ఉబ్బును కనిపెట్టును. మరికొన్ని అచ్చట జంటపోగును విడదీయును. రెండు కత్తెరలు ఉబ్బునకు ఇరువైపుల కత్తిరించి సుమారు 30 అక్షరముల తునకను తీసివేయును. ఎదుటి పోగు చెక్కుచెదరక యున్నది గనుక, దానిని చూచి కొత్త తునక నేయబడును. చివర లైగేజ్ అను ఎంజైము కొసలను అతుకును. ముడి సైతము కనబడదు. మన మగ్గములమీద తెగిన పోగును ఎంత నేర్పుతో ముడివేసినను వ్రేలితో తడిమినచో తెలియును. ఇక్కడ అదియు ఉండదు. ఈ విధానము తొలుత సూక్ష్మజీవులలో 1964లో బయటపడినది. తరువాత మానవకణములలోను కనుగొనబడినది. లిండాల్‌కును, నకలు తప్పుల దిద్దుబాటును తేల్చిన పాల్ మాడ్రిచ్‌కును, ఈ కత్తిరింపు విధానమును వివరించిన అజీజ్ సంజార్‌కును కలిపి 2015లో రసాయనశాస్త్రపు నోబెల్ బహుమానమిచ్చిరి.

మన బాలిక చీటీలోని రోగమును వియన్నా నగరపు వైద్యులు హెబ్రా, కపోసి అనువారు 1874లో వర్ణించిరి. కారణము మాత్రము తొంబదియేండ్లకు పైగా తెలియలేదు. 1968లో అమెరికాలోని శాన్‌ఫ్రాన్సిస్కోలో జేమ్స్ క్లీవర్ అట్టి రోగుల చర్మకణములను గాజుపాత్రలలో పెంచి, వానిపై అతినీలలోహిత కిరణములు పడనిచ్చి చూచెను. ఆరోగ్యవంతుల కణములు వెంటనే కొత్త తునకలు నేయ మొదలుపెట్టినవి. రోగుల కణములు నేయలేకపోయినవి. గాయము ఇరువురికిని సమానమే. మాన్పు ఒకరికే కలదు. ఈ కత్తిరింపు పనికి వలసిన ఏడు జన్యువులలో ఏది పాడైనను ఈ రోగమే వచ్చును. ఎనిమిదవ జన్యువు వేరొక పని చేయునది. అది పాడైనను ఇట్టి లక్షణములే కానవచ్చును. మానని గాయములు పేరుకొని, నకలులో తప్పులు పడి, చిన్న వయసుననే చర్మముపై రాచపుండ్లు పుట్టును. ఇరువదియేండ్ల లోపు వయసులో వీరికి చర్మపు క్యాన్సరు వచ్చు అవకాశము ఇతరులకంటె పదివేల రెట్లు హెచ్చు. ఎండనుండి చిన్ననాటనే కాపాడినచో ఈ అపాయము చాలవరకు తగ్గును.

కావున ఇది అంటువ్యాధి కాదు. కుష్ఠమునకు సూక్ష్మజీవి కారణము. దీనికి ఏ జీవియు కారణము కాదు. ఆ బాలిక ప్రక్కన కూర్చుండినను, ఆమె గ్లాసుతో నీరు త్రాగినను, ఆమె చేయి పట్టుకొని ఆడినను ఎవరికిని ఏమియు రాదు. పుట్టుకలోనే లేని కత్తెర ఒకరినుండి ఒకరికి ఎట్లు అంటుకొనును?

ఇక్కడ ఒక చిత్రము చెప్పవలెను. కప్పకును, చేపకును, కోడికిని, కంగారూకును ఈ ఉబ్బులను సరిచేయుటకు వేరొక ఉపాయము కూడ కలదు. అంటుకొనిన రెండక్షరములను ఒక ఎంజైము నీలికాంతి బలముతోనే విడదీయును. కత్తెర అవసరమే లేదు. ఎండ చేసిన గాయమును ఎండయే మాన్పును. మన జాతికి ఏ పూర్వకాలముననో ఆ ఎంజైము పోయినది. అది యుండినచో మన బాలికకు ఇన్ని పాట్లు లేకుండెడివి.

జంటపోగులో ఒకటి చెడినప్పటి మాట ఇంతవరకు చెప్పితిమి. రెండు పోగులును ఒకేచోట తెగినచో ఏమగును? ఎక్స్‌రే వంటి కిరణములచేతనే గాక, నకలు తీయుచుండగా దారిలో చిక్కుపడియు ఇట్లు తెగుచుండును. ఎదుటి పోగును చూచి వ్రాయుదమన్న ఎదుటిదియు తెగియున్నది. అప్పుడు కణమునకు రెండు దారులు. మొదటిది, తెగిన కొసలను తెచ్చి ఎట్లో యట్లు అతికివేయుట. తొందరగా జరుగును, కాని కొసలవద్ద కొన్ని అక్షరములు రాలిపోవచ్చును. రెండవది, అదే వ్రాతగల మరియొక డి.ఎన్.ఏ.ను వెదకి, దానిని చూచి తెగినచోటును తిరిగి వ్రాసికొనుట. చిరిగిన జకార్డు అట్టకు బదులు పొరుగింటి మగ్గముమీది అదే నమూనా అట్టను తెచ్చి, దానిపై పెట్టి చిల్లులు పొడుచుకొన్నట్లు. కణము నకలు తీసిన తరువాత, చీలుటకు ముందు, అప్పుడే తయారైన జతక్రోమోసోము ప్రక్కనే యుండును గనుక ఈ పని సుళువు. దీనిని పునస్సంయోగము అందురు.

ఈ పనిలో ముఖ్యమైనది రాడ్51 అను ప్రోటీను. తెగిన కొసను చుట్టుకొని, కోట్ల అక్షరములలో తనకు సరిపోవు చోటును వెదకిపట్టునది అదియే. రొట్టెను పొంగించు ఈస్టులో దీని జన్యువును తీసివేసినను ఈస్టు బ్రదుకును. బలహీనపడును గాని చావదు. వెన్నెముకగల జీవులలోను అట్లే యుండునా? జపానులో షునిచి టకేడా బృందము కోడి కణములతో దీనిని పరీక్షించి 1998లో ప్రకటించినది. డి.టి.40 అను ఆ కణములు కోడికి వచ్చిన ఒకవిధమైన క్యాన్సరునుండి తీసినవి. వానిలో కోరిన జన్యువును తీసివేయుట సులభము. రాడ్51 లేకుండ చేయగా, ఒక్కమారు చీలుటకు ప్రయత్నించుసరికే క్రోమోసోములు ముక్కలై కణములు చచ్చినవి. ఎవరును వానిని గాయపరచలేదు. కిరణములు లేవు, విషము లేదు. తమ పోగుకు తాము నకలు తీయుటయే వానికి ప్రాణాంతకమైనది. ఈస్టు పోగులో సుమారు 1.2 కోట్ల అక్షరములు. కోడిలో వంద కోట్లు, మనలో 300 కోట్లు. ఇంత పొడవు పోగును తెగకుండ నకలు తీయుట కల్ల. తెగినదానిని అతుకుచునే మనము ప్రతిదినము బ్రదుకుచున్నామని ఆ కోడి కణములు చెప్పినవి.

రాడ్51ను తెగిన కొసవద్దకు మోసికొనిపోవు ప్రోటీను పేరు బి.ఆర్.సి.ఏ.2. దాని జన్యువు 1995లో దొరకినది. అది పాడైన కుటుంబములలో స్త్రీలకు రొమ్ములోను అండాశయములోను క్యాన్సరు వచ్చు అవకాశము చాల హెచ్చు. అక్కకును తల్లికిని పినతల్లికిని అట్లు వచ్చియున్న ఇంటివారు దానిని గుట్టుగా ఉంచక వైద్యులతో చెప్పవలెను.

ప్రమాదవశమున తెగినదానిని అతుకు ఈ నేర్పునే ప్రకృతి కావలెనని కూడ వాడుకొనుచున్నది. బీజములును అండములును తయారగునప్పుడు కణము తన పోగును తానే అనేకచోట్ల తెంచి, తాతనుండి వచ్చిన క్రోమోసోమును నాయనమ్మనుండి వచ్చిన క్రోమోసోముతో కలిపి తుకడలు మార్చును. తండ్రి బీజమున సుమారు 25 చోట్ల, తల్లి అండమున సుమారు 40 చోట్ల ఇట్టి మార్పిడి జరుగును. ఒకే తల్లి కన్న అన్నదమ్ములు ఒకరిని పోలినట్లు ఒకరు ఉండకపోవుటకు ఇది యొక కారణము. రోగములనెదిర్చు తెల్లకణములును తమ జన్యువులను తెంచి కొత్తకొత్త విధముల అతికి లెక్కలేనన్ని రక్షక ప్రోటీనులను తయారుచేసికొనును. ఈ రహస్యమును 1976లో బయటపెట్టిన సుసుము టొనెగావాకు 1987లో నోబెల్ బహుమానము వచ్చినది.

ఇంతవరకు విన్న పిమ్మట ఆ బాలిక తల్లి మమ్మడిగిన ప్రశ్న ఒకటే. "మా ఇంట్ల ఎవ్వరికి లేదు సారూ. నాకు లేదు, ఆయనకు లేదు. ఈ పిల్లకే ఎందుకొచ్చింది?" ఇదే మాట ఇరుగుపొరుగువారు ఆమెను దెప్పుటకు వాడుచున్నారు గనుక జవాబును కొంత వివరముగా వ్రాయుచున్నాము.

ప్రతి జన్యువును మనకు రెండు ప్రతులు. తల్లిది యొకటి, తండ్రిది యొకటి. ఈ రోగపు జన్యువు ఒక ప్రతి పాడైనను రెండవది పని నడుపును; ఆ మనిషికి ఏమియు కాదు, తెలియను కూడ తెలియదు. రెండును పాడైనప్పుడే రోగము. తల్లిదండ్రులిరువురును తెలియకుండ ఒక్కొక్క చెడుప్రతి మోయుచున్నచో, పుట్టు ప్రతి బిడ్డకును రోగము వచ్చు అవకాశము నాలుగింట ఒకటి. సామాన్యముగా అట్టి ఇరువురు కలియుట అరుదు. అందుకే అమెరికా, యూరోపులలో పదిలక్షలకు ఒకరికి మాత్రమే ఈ రోగము కనబడును. జపానులో ఒక చెడుప్రతి పూర్వమునుండి వ్యాపించియుండుటచే 22,000 మందికి ఒకరికి కలదు.

మన బాలిక తల్లిని ఆమె మేనమామకే ఇచ్చిరి. ఇది మన వారిలో తరతరములుగా వచ్చుచున్న వాడుకయే. లెక్క చూడుడు. ఆ మేనమామ తండ్రి చెడుప్రతి మోసినాడనుకొందము. అది కొడుకునకు వచ్చుటకు రెండింట ఒకటి అవకాశము. కూతురికి వచ్చుటకు రెండింట ఒకటి. ఆమెనుండి ఆమె కూతురికి వచ్చుటకు మరల రెండింట ఒకటి. అనగా మేనమామయు మేనకోడలును ఇద్దరును అదే చెడుప్రతి మోయుటకు ఎనిమిదింట ఒకటి. బిడ్డకు రోగము వచ్చుటకు ముప్పదిరెండింట ఒకటి. సంబంధములేని వరుని చేసికొన్నచో ఈ లెక్క వేలలో ఒకటికి దిగును. తెలియని ఊరి మగ్గములలో ఒకే అట్టకు ఒకేచోట చిల్లు తప్పుట అరుదు. రెండు మగ్గముల అట్టలును ఒకే పాత అట్టను చూచి పొడిచినవైనచో తప్పు రెండింటను ఉండవచ్చును.

మేనరికపు సంతానమంతయు రోగులని ఎవరును అపార్థము చేసికొనరాదు. చాలమంది ఆరోగ్యముగనే యున్నారు. మాదియు మేనరికమే, మా పిల్లలిద్దరును బాగుగనే యున్నారు. ఈ లెక్కలు తెలిసియుండినచో మా పెద్దలు ఆ సంబంధము చేసియుందురా యని మాత్రము ఇప్పుడు ఆలోచించుచున్నాము. ఈ వాడుకను పెద్దలు ఏర్పరచినది ఆడపిల్ల పరాయి ఇంట కష్టపడరాదనియు, ఊరుగాని ఊరిలో మన భాష, మన వారు చెదరిపోరాదనియు. ఆ భయము మాకును తెలియును. అయినను మరల మరల దగ్గర సంబంధములు కలిసిన ఇండ్లలోను, ఇట్టి బిడ్డ ఒకరు పుట్టిన ఇండ్లలోను, పెండ్లిమాట నిశ్చయించుటకు ముందే జన్యువైద్యుల సలహా తీసికొనుట మంచిదని మా అభిప్రాయము. ఆ తల్లి పాపము చేయలేదు. ఎవరో తాతముత్తాతల కణమున ఒక్క అక్షరము నకలులో తప్పినది, అంతియే.

పాఠశాలలో చేసిన మార్పులు తెలిపి ముగించెదము. ఐదవ తరగతిని పడమటి కిటికీల గదినుండి ఉత్తరపు గదికి మార్చితిమి. మామూలు కిటికీ అద్దము అతినీలలోహిత కిరణములను కొంతవరకే ఆపును గనుక అద్దములకు వానిని ఆపు పొరను అంటించి, మందపు తెరలు వేసితిమి. ఆ కిరణములు వెలువరింపని ఎల్.ఇ.డి. దీపములు పెట్టితిమి. ప్రార్థన ఇప్పుడు హాలులోనే జరుగుచున్నది. వర్షాకాలమున ఇది అందరికిని మేలైనది. ఆమె నిండుచేతుల చొక్కాతోను అంచు వెడల్పు టోపీతోను నల్లకళ్లజోడుతోను వచ్చును. ఏకరూప దుస్తుల నియమమునుండి ఆమెకు సడలింపు ఇచ్చితిమి. తలిదండ్రులకు ఒక్క మనవి. పొగాకు పొగలోని విషములును పోగుపై ఇట్టి ఉబ్బులనే కలిగించును. వానిని తీసివేయవలసినది ఆ లేని కత్తెరయే. బీడీ కాల్చువారు గేటువద్ద గాక వీధికి ఆవలనే ఆర్పి రావలెను.

తొలుత మా గదికి వచ్చిన మూడు కుటుంబములలో రెండింటి పిల్లలు ఇప్పుడు ఆ బాలికతో ఒకే బెంచీమీద కూర్చుండుచున్నారు. మూడవవారు తమ పిల్లను వేరొక బడిలో చేర్చిరి. ఈ యేటి వార్షికోత్సవమును ఉదయము గాక సూర్యాస్తమయము తరువాత, ఏడు గంటలకు ప్రారంభించుచున్నాము. ప్రార్థనాపద్యము ఆమెయే చదువును.